వైదేహి ఇల్లెక్కడ?

కాజీపేట, వరంగల్
జులై 4

చెల్లె షారోన్‌కు,

నువ్వు సిస్టర్ కావాలని నోవిషియేట్‌లో చేరి నెల దాటింది. ఏడాదిపాటు నీకు ఫోన్ ఇవ్వరని తెలిసి కూడా రోజుకోసారి నీ నంబరు నొక్కి, స్విచాఫ్ అని వినిపించాక పెట్టేస్తున్నాను. ఇక లాభం లేదని మీ బావతో తెల్లకాగితాలు తెప్పించాను. నర్సింగ్ పరీక్షల తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే. దస్తూరీ చూసి నవ్వకు.

ఇల్లు నువ్వు చూసి వెళ్ళినట్టే ఉంది. అత్తమ్మకు పక్షవాతం వచ్చి రెండు నెలలు నిండాయి. కుడి చెయ్యి, కుడి కాలు అట్లాగే పడి ఉన్నాయి. మాట ముద్దగా వస్తుంది. ఆ ముద్దలో ఏ మాట ఉందో నాకొక్కదానికే తెలుస్తుంది కనుక వచ్చిన వాళ్ళకల్లా నేనే విప్పి చెప్పాలి. షుగరుతో కళ్ళు ముందే పోయాయి, ఎదురుగా మనిషి నిలబడితే నీడ కనిపిస్తుందంతే. నేను పనిచేసే దవాఖానలో రెండు నెలలు సెలవు పెట్టాను. ఆ సెలవు మొన్ననే అయిపోయింది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆడబిడ్డది స్టేషన్ ఘన్‌పూర్, చేతిలో నెలల పిల్ల, ఆమెను రమ్మనలేం. మీ బావ లోకో షెడ్డుకు వెళ్ళిపోతే ఈ రెండు గదుల్లో మేమిద్దరమే. రెండు గంటలకోసారి అత్తమ్మను పక్కకు తిప్పాలి. గేటు దాకా వెళ్ళినా మనసు గడియారం మీదే ఉంటుంది. పోయిన ఆదివారం పూజకు కూడా వెళ్ళలేదు.

సర్కారు స్టాఫ్ నర్సు పరీక్ష ఫలితాలు ఇంకా రాలేదు. నువ్వు దేవుడికి దగ్గర్లో కూర్చున్నావు, జర గుర్తుచెయ్యి. ఆ ఉద్యోగం కోసం నాలుగేళ్ళు చదివాను షారోన్. అదొక్కటి వస్తే చాలు.

ఇక ఈ ఇంట్లో పెద్ద శిక్ష చెప్పనా? సాయంత్రం ఏడున్నర. అత్తమ్మకు 'వైదేహి వాకిలి' అని ఒక సీరియల్ ఉంది. దాని కోసం ఇంటి జపమాలను ఏడింటికి జరిపేసింది. చివరి పది పూసలకు వచ్చేసరికి మరియమ్మకు కూడా ఊపిరాడదు, అంత వేగం. చూపు లేదు కదా, తెరమీద ఏం జరుగుతోందో నేను పక్కన కూర్చుని చెప్పాలి. ఏం చెప్పను? మొన్న ఒకాయన కోమాలో ఉన్నాడు, నున్నగా గడ్డం గీసుకుని మరీ. ఆక్సిజన్ మాస్కు ముక్కుకు కాక గడ్డానికి పెట్టారు. పక్క మిషన్‌లో గీత అడ్డంగా చచ్చిపోయి ఉంది, ఆయన మాత్రం కోడలికి మూడు నిమిషాలు బుద్ధులు చెప్పాడు. ఆ కోడలే వైదేహి. అత్తింట్లో నరకం పడుతుంది. తలుపు బార్లా తెరిచే ఉంటుంది, వెళ్ళిపోదు! అట్లాంటి మొద్దును నేను ఎక్కడా చూడలేదు.

అక్క,
సుప్రియ


నూజివీడు
జులై 27

అక్కా,

యేసు మరియ జోజప్పల కాపుదల మీ ఇంటి మీద ఉండాలి. ఇట్లా మొదలుపెట్టమని మిస్ట్రెస్ సిస్టర్ నేర్పారు. మా నోవిస్‌ల శిక్షణ అంతా ఆమె చేతిలోనే ఉంటుంది. మాకు వచ్చే ఉత్తరాలూ, మేం రాసేవీ ఆమె చదివాకే కదులుతాయి. నెలకొకటి, ఆఖరి ఆదివారం. కాబట్టి నన్ను చిన్నప్పటి పేర్లతో పిలవకు.

నేను బాగున్నాను. తెల్లవారుజామున లేస్తాం, ప్రార్థన, పూజ, తోటపని, పాఠం. పగలంతా మౌనం. నన్ను మౌనంగా ఉంచినందుకు ఈ సిస్టర్ల సభకు నువ్వు విడిగా కృతజ్ఞత చెప్పాలి. నీ ఫలితాల కోసం రోజూ అడుగుతున్నాను.

సీరియల్ సంగతి చదివి నవ్వాగలేదు. అమ్మ బతికున్న రోజుల్లో రఘునాథపల్లిలో ఆమె సీరియల్ చూస్తుంటే రిమోట్ బియ్యం డబ్బాలో దాచిందెవరు? ఇప్పుడు అనుభవించు.

కానీ అక్కా, ఒక్క మాట. ఆ కోమా ఆయన కోడలికి ఏం బుద్ధులు చెప్పాడో రాయలేదు. నాకేం అక్కర్లేదనుకో. ఉత్తరం చేతికిస్తూ మిస్ట్రెస్ సిస్టర్, "మీ అక్క సగంలో వదిలేసే మనిషిలా ఉంది" అన్నారు.

నీ చెల్లె,
షారోన్


కాజీపేట
ఆగస్టు 29

షారోన్,

వచ్చింది! ఫలితాలు మొన్న పెట్టారు. జాబితాలో నా పేరు నాలుగుసార్లు చదువుకున్నాను. పెద్ద కేక వేశాను. అత్తమ్మ భయపడి "ఎవలు సచ్చిన్రు?" అన్నది. చెప్పేసరికి ఎడమ చేత్తో నా మొహం తడిమి చూసింది. మీ బావ కాజా డబ్బా తెచ్చి పక్కింటి వాళ్ళకు పంచాడు. ఆర్డర్ ఇంకో నెలలో ఇస్తారట. ఎక్కడ వేసినా వెళ్ళిపోతాను. నాన్నకు ఫోన్ చేస్తే జాబితాలో నా పేరు తనకూ ఒకసారి చదివి వినిపించమన్నాడు. సర్కారు నౌకరీ మన ఇంట్లో నాదే మొదటిది కదా.

ఇప్పుడు ఇంకొకటి చెప్తాను. మిస్ట్రెస్ సిస్టర్ చదువుతున్నారని తెలిసే రాస్తున్నాను. నాకు సీరియల్ అంటుకుంది.

ఎట్లా అంటే, పాయసం దగ్గర. వైదేహి తోటికోడలు పాయసంలో ఏదో కలిపింది. ఆ గిన్నె వంటింట్లోంచి హాల్లోకి రావడానికి నాలుగు రోజులు పట్టింది. మొదటి రోజు తిట్టుకున్నాను. రెండో రోజు అన్నం వారుస్తూ ఇది తప్పకుండా కిందపడేస్తారులే అనుకున్నాను. మూడో రోజు ఆరున్నరకే అత్తమ్మకు తినిపించి, మందులేసి, తిప్పి పడుకోబెట్టి కూర్చున్నాను. నాలుగో రోజు సరిగ్గా వైదేహి గిన్నె నోటి దగ్గరికి తీసుకోగానే కరెంటు పోయింది. అత్తమ్మ ఏడుపు, నా ఏడుపు. కిటికీలోంచి పక్కింటి వాళ్ళను పిలిచి ఫోన్‌లో పెట్టించుకుని, చువ్వల్లోంచి చెయ్యి చాపి పట్టుకుని చూశాను. అత్తగారు వచ్చి గిన్నె లాక్కుంది, ఎవరూ తాగలేదు. ఆమె మంచిది కాదు, కానీ పాయసం అంటే ప్రాణం. వాసన చూసి మొత్తం మొక్కల్లో పారబోసి, మళ్ళీ కొత్తది వండించింది.

కోమా ఆయన చెప్పిన బుద్ధులేమిటంటే, ఈ ఇంటి గడప నువ్వు దాటిన రోజు ఈ ఇల్లు కూలిపోతుందమ్మా అని. అందుకే ఆ పిల్ల వెళ్ళదు. దాన్ని మొద్దు అన్నందుకు నాకిప్పుడు బాధగా ఉంది. ఆ మాట పట్టుకుని దాని కాళ్ళు కట్టేశారు షారోన్.

మాస్కు ఇప్పటికీ గడ్డానికే ఉంది. నేను దాన్ని చూడడం మానేశాను.

సుప్రియ


నూజివీడు
సెప్టెంబరు 28

అక్కా,

ఇక్కడ అందరం చప్పట్లు కొట్టాం. మౌనం వేళ కావడంతో తర్వాత మోకాళ్ళ మీద క్షమాపణ చెప్పుకున్నాం. మా అక్క సర్కారు దవాఖానలో నర్సమ్మ అని వంటమనిషితో సహా అందరికీ చెప్పేశాను. గర్వం పాపమే, వచ్చే శనివారం ఒప్పుకుంటాను.

ఆర్డర్ వచ్చిందా? ఏ ఊరు? అత్తమ్మను చూసుకోవడానికి మనిషిని మాట్లాడారా? ఇవన్నీ రాయి.

ఇంకో సంగతి. సాయంత్రం వినోద వేళలో మిస్ట్రెస్ సిస్టర్ నీ ఉత్తరంలో పాయసం వరకు పైకి చదవమన్నారు. ఏడుగురం నోవిస్‌లం. నాలుగో రోజు దగ్గరికి వచ్చేసరికి ఒక్కరూ ఊపిరి పీల్చలేదు. ఒకమ్మాయి వైదేహి కోసం ఒక పరలోక జపం చెప్పుకుందామా అంది. "లేనివాళ్ళ కోసం దేవుణ్ణి ఇబ్బంది పెట్టొద్దు, ఉన్నవాళ్ళతోనే ఆయనకు చాలినంత పని" అన్నారు సిస్టర్. అని ఊరుకుని, "ఆ అత్తగారికి షుగరు లేదా?" అన్నారు.

షారోన్


కాజీపేట
అక్టోబరు 9

షారోన్,

ఈసారి నీకు చాలా కథ బాకీ ఉన్నాను. వైదేహి భర్త ఊరినుంచి తిరిగొచ్చాడు. ముందు ఆమె వైపే మాట్లాడాడు. రెండు రోజులు మేమిద్దరం చాలా సంతోషంగా ఉన్నాం. మూడో రోజు వాళ్ళ అమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది, అంతే, అతను వైదేహితో మాట్లాడడం లేదు. కోపంగా కూడా లేడు. అన్నం పెడితే తింటాడు, నీళ్ళిస్తే తాగుతాడు. "నేనేమన్నాను నిన్ను?" అంటాడు. నిజమే, ఏమీ అనలేదు. తిట్టిన వాడికి జవాబు చెప్పొచ్చు, ఏమీ అనని వాడికి ఏం చెప్తాం? బుధవారం నాడు వైదేహి వంటింట్లో కూర్చుని ఒక్కటే ఏడుపు. అత్తమ్మకు ఏమని చెప్పను? "కూరగాయలు కోస్తాంది" అని చెప్పాను.

ఇంకా నవ్వొచ్చే ముచ్చట ఒకటి జరిగింది. మొదటి శుక్రవారం ఫాదర్ గారు అత్తమ్మకు సత్ప్రసాదం తెచ్చారు. వెంట గుడి పనులు చూసే ఉపదేశి సారయ్య. వెళ్ళే ముందు అలవాటు ప్రకారం పుస్తకం తీసి అడిగాడు.

"ఏసమ్మా, ఆదివారం పూజల ఎవలి కోసం ప్రార్థన చెయ్యమంటవ్?"

అత్తమ్మ ముద్దగా ఏదో అన్నది. సారయ్య నా వైపు చూశాడు. నేను ఎప్పట్లాగే విప్పి చెప్పాను.

"వైదేహి కోసమట. శానా కష్టంల ఉన్నదట. ఉద్యోగం వచ్చినా ఇంట్లకెళ్ళి బయటికి పోనిస్తలేరట."

రాసుకున్నాడు, వెళ్ళిపోయాడు. మాకు అప్పుడేమీ అనిపించలేదు. ఆదివారం మీ బావ పూజనుంచి వచ్చి, "ఎవలీ వైదేహి? మనింట్లనే రాసిచ్చిన్రంట గద!" అన్నాడు. గుడిలో అందరి ముందు, అత్తవారింట శ్రమలు పడుచున్న వైదేహి కొరకు, ఆమె ఉద్యోగములో చేరు మార్గము తెరువబడునట్లు, అని చదివారట. గుడి నిండా ఉన్న జనం ప్రభువా మా మొర ఆలకింపుము అన్నారట. మీ బావ సీరియళ్ళ మొహం చూడడు కదా, అతనికేం తెలుసు. అత్తమ్మకు తెలిసిన పిల్ల అని చెప్పి తప్పించుకున్నాను.

ఇప్పుడు విచారణంతా, మా గుడికొచ్చే ప్రతి ఇంట్లో, అదే మాట. గుడిలో జపమాల చెప్పే మరియ దళం ఆడవాళ్ళు ఎవరి బిడ్డ, హిందువుల పిల్లలా ఉంది, మన ప్రార్థన ఎట్లా కోరింది అని సారయ్యను తినేస్తున్నారట. మీ నోవిస్‌లకు చదివి వినిపించు, నవ్వుకుంటారు.

వేరే విశేషాలేమీ లేవు.

సుప్రియ


నూజివీడు
అక్టోబరు 16

అక్కా,

ఇది ఆఖరి ఆదివారం కాదు. మిస్ట్రెస్ సిస్టర్ నీ ఉత్తరం రెండుసార్లు చదివి నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. "దీన్ని అందరిలో చదవొద్దు. మీ అక్కకు ఇవాళే రాయి. నీ ఉత్తరం నేను చూడను, అంటించి ఇవ్వు" అన్నారు.

సీరియల్లో వైదేహికి ఉద్యోగం ఎప్పుడొచ్చింది?

పాయసం తెలుసు, కోమా ఆయన తెలుసు, తోటికోడలు తెలుసు. నువ్వు రాసిన ప్రతి ముక్కా మాకు కంఠతా వచ్చు. ఉద్యోగం మాట ఎక్కడా లేదు. ఆర్డర్ వచ్చిందా అని అడిగితే నాలుగు పేజీలు రాసి ఆ ఒక్కటి రాయలేదు నువ్వు. వచ్చింది కదూ అక్కా? ఎప్పటిలోగా చేరాలి? బావ ఏమన్నాడు?

నాకు కోపం వస్తోంది. నీ మీద కాదు, కాదు, నీ మీదే. నాకు కూడా చెప్పవా? అమ్మ పోయాక నా జడ వేసింది నువ్వు. నేను సభలో చేరతానంటే నాన్నతో పోట్లాడింది నువ్వు. నీ గురించి మాట్లాడాల్సి వస్తే మాత్రం నోరు పడిపోతుందా?

ఒకటి చెప్తాను. నేను చేరిన రోజు మిస్ట్రెస్ సిస్టర్ నన్ను గేటు దగ్గరికి తీసుకెళ్ళారు. పక్క గోడకు మేకు, మేకుకు తాళంచెవి. "ఇది ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది. వెళ్ళిపోవాలనిపిస్తే తీసుకుని వెళ్ళు, నన్ను అడగక్కర్లేదు" అన్నారు. అందుకే నాకు ఇక్కడ ఊపిరాడుతోంది. ఉంటున్నాను అంటే నేను ఉంటున్నాను. నిన్ను అట్లా ఎవరైనా అడిగారా, ఉంటావా పోతావా అని?

జవాబు రాయి. వైదేహి గురించి వద్దు.

షారోన్


కాజీపేట
అక్టోబరు 27

చెల్లె,

నీ ఉత్తరం వారం రోజులు పరుపు కింద పెట్టాను, ఆర్డర్ పక్కన. అవును, అక్కడే ఉంది. అత్తమ్మను తిప్పినప్పుడల్లా కాగితం చప్పుడు వినిపిస్తుంది.

సెప్టెంబరు ఇరవై నాలుగున వచ్చింది. మరిపెడ సర్కారు దవాఖాన. నవంబరు పదిలోగా చేరాలి, లేకపోతే నా తర్వాతి పేరు వాళ్ళకు ఇచ్చేస్తారు. మరిపెడకు రోజూ వెళ్ళి రావడం కుదరదు. అక్కడే గది తీసుకుని ఆదివారాలు రావాలి.

మీ బావ ఆర్డర్ రెండుసార్లు చదివాడు. మడిచి చేతికిచ్చాడు. "కొన్నాళ్ళు ఆగు. అమ్మ జర లేచి కూసున్నంక పో" అన్నాడు. అత్తమ్మ లేచి కూర్చోదు షారోన్. నేను నర్సును, నాకు తెలుసు. అతనికీ తెలుసు. మనిషిని పెట్టుకుందామంటే, "అమ్మ మాట నీకు తప్ప ఎవలికి సమజైతది?" అన్నాడు. అదీ నిజమే. "నిన్ను ఎవలన్న కట్టేసిన్రా? నీ ఇష్టం" అన్నాడు చివరికి. అప్పటినుంచి ఆ ముచ్చట లేదు. చెడ్డవాడైతే బాగుండేది. పొద్దున్నే లేచి అమ్మ పక్కబట్టలు తనే ఉతికి ఆరేసి డ్యూటీకి వెళ్తాడు. అతని వీపు చూస్తే నాకు ఏమీ అడగబుద్ధి కాదు.

సారయ్యకు ఆ మాట కావాలని చెప్పలేదు. అత్తమ్మ అన్నది ఒక్కటే, "వైదేహి, కష్టంల ఉన్నది" అని. ఆ ఉద్యోగం ముక్క నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. ఆరు నెలలుగా ఆమె మాటలే పలికి పలికి, నా మాట కూడా ఆమె పేరు మీదే బయటికి వచ్చింది. నువ్వు పట్టుకునే దాకా నేనూ చూసుకోలేదు.

సీరియల్ ఎందుకు అంటుకుందో కూడా ఇప్పుడు తెలుస్తోంది. ఏడున్నర నుంచి ఎనిమిది దాకా ఈ ఇంట్లో నాకంటే ఎక్కువ ఇరుక్కున్న మనిషి ఒకతె ఉంటుంది. ఆమె కోసం ఎంతైనా ఏడవచ్చు, ఎవరూ ఏమనరు. ఎనిమిదింటికి పాట వచ్చి తెర ఆగిపోతే భయమేస్తుంది.

అసలు చిక్కు ఇప్పుడొచ్చింది. మరియ దళం అధ్యక్షురాలు జ్ఞానమ్మ టీచర్ నిన్న గేటు దగ్గర ఆపింది. రిటైరైన హెడ్మాస్టరమ్మ, ఆమె అడిగితే మా వీధిలో కుక్కలు కూడా నిలబడి జవాబు చెప్తాయి. "బిడ్డా, ఆ వైదేహి ఇల్లెక్కడ? మూడు వారాల సంది ఆ పిల్ల కోసం జపమాల చెప్తానం. ఇల్లు చూసి వాళ్ళ అత్తమామలతోని మాట్లాడాలె. శనివారం మీ ఇంటికొస్తం, నువ్వు తోలుకపో" అన్నది. వాళ్ళు జంటలుగా ఇళ్ళకు వెళ్ళి కష్టంలో ఉన్నవాళ్ళను పలకరిస్తారు, అది వాళ్ళ నియమం. మొదలుపెట్టిన ఇంటిని వదలరు. పదిహేడు మంది ఆడవాళ్ళు ఇరవై రోజులుగా టీవీలో పిల్ల కోసం ప్రార్థిస్తున్నారు. సీరియల్ అని చెప్తే మా ఇంటి పరువు గుడి మెట్ల మీద ఉంటుంది. వేరే ఏదన్నా చెప్దామంటే అబద్ధానికి కూడా ఒక ఇల్లు కావాలి కదా, ఎవరింటికి తీసుకెళ్ళను?

శనివారం మీ బావకు సెలవు. ఇంట్లోనే ఉంటాడు. నాకు ఏమీ తోచడం లేదు.

సుప్రియ


మరిపెడ
నవంబరు 21

షారోన్,

పైన ఊరి పేరు చూశావు కదా. ఇక మెల్లగా చదువు.

ఆ శనివారం జ్ఞానమ్మ టీచర్ ఇంకొకామెను వెంటబెట్టుకుని పది గంటలకే వచ్చింది. మీ బావ కుర్చీలు వేశాడు. నేను చాయ్ పెట్టి తెచ్చాను. టీచర్ చాయ్ ముట్టుకోలేదు, "పోదామా బిడ్డా?" అన్నది. చెప్పులు వేసుకుని బయల్దేరితే ఏ గల్లీలోకి తిరగాలో ఆలోచిస్తూ నిలబడ్డాను. అప్పుడు నాకు నిజంగానే అలసట వచ్చింది. అబద్ధం మోసుకుని వీధులు తిరిగే ఓపిక లేదు.

"ఎక్కడికీ పోయేది లేదు టీచర్. ఇదే ఇల్లు" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు అంతా చెప్పేశాను. "వైదేహి సీరియల్ల పిల్ల. అత్తమ్మ ఆమె కోసమే ప్రార్థన అడిగింది. ఉద్యోగం ముచ్చట మాత్రం అత్తమ్మ అనలేదు, నేనే కలిపిన. ఆ పిల్లకు ఉద్యోగం లేదు. వచ్చింది నాకు." పరుపు కిందనుంచి ఆర్డర్ తీసి టీచర్ చేతిలో పెట్టాను.

మీ బావ మొహం ఎర్రగా అయింది. "ఎవలాపిన్రు నిన్ను? ఈ ఇంట్ల ఎవలన్న ఒక్క మాటన్నరా?" అన్నాడు.

టీచర్ కళ్ళద్దాలు పెట్టుకుని ఆర్డర్ మొత్తం చదివింది. "ఎవలు ఆపకపోతె మంచిదే గద డేవిడ్. మరి ఏ రోజు పోతాంది?" అని అడిగింది, అంతే. బడిలో తారీఖు అడిగినట్టు అడిగింది. సీరియల్ కోసం నాలుగు వారాలు మోకాళ్ళూనినందుకు నన్ను తిడుతుందనుకున్నాను. ఆ ఊసే ఎత్తలేదు. వెంట వచ్చినామె మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో నాకు తెలియదు.

అప్పుడు మంచం మీదనుంచి అత్తమ్మ ఏదో అన్నది.

అందరూ నా వైపు తిరిగారు. నాకు వినిపించింది షారోన్, ప్రతి ముక్కా వినిపించింది. కానీ చెప్పడానికి నోరు రాలేదు. ఒకసారి ఆమె మాటలో నా మాట కలిపిన దాన్ని, ఇప్పుడు ఏం చెప్పినా ఎవరు నమ్ముతారు? నేనైనా నన్ను నమ్మను. "నేను చెప్ప. నువ్వే ఇను" అన్నాను మీ బావతో.

ఆరు నెలల్లో మొదటిసారి అతను మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని వాళ్ళమ్మ నోటి దగ్గర చెవి పెట్టాడు. ఆమె మళ్ళీ అన్నది. తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అన్నది. నాలుగోసారికి తల ఎత్తాడు. కళ్ళలో నీళ్ళు.

"రేపటి సంది నాకు కత ఎవలు చెప్తరు, అంటాంది" అన్నాడు.

పొమ్మనలేదు, ఉండమనలేదు. నేను వెళ్తానని ఆమె ఎప్పుడో ఒప్పేసుకుంది. ఆమె ఫికరల్లా ఏడున్నర గురించే. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, ఇంట్లో ఇంతమంది ఉన్నారని కూడా లేకుండా ఏడ్చాను. "నీ కొడుకు చెప్తడు, కండ్లున్నయి గద" అన్నది జ్ఞానమ్మ టీచర్. అప్పుడు చల్లారిన చాయ్ తాగింది.

పగటి పూటకు మరియ దళం ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. పక్కకు ఎట్లా తిప్పాలో, అన్నం ఎట్లా మెత్తగా పిసకాలో తొమ్మిది రోజుల్లో అందరికీ నేర్పాను. మీ బావ పొద్దుటి డ్యూటీ వేయించుకున్నాడు, సాయంత్రాలు ఇంట్లో ఉంటాడు. పదో తారీఖున, ఆఖరి రోజున, నేను ఇక్కడ సంతకం పెట్టాను. మొదటి రోజే మూడు కాన్పులు. ఇక్కడికి రావడానికి బస్సు ఎక్కినప్పుడల్లా అత్తమ్మను వదిలి వస్తున్నానని గుండె పీకుతుంది. అయినా ఎక్కుతున్నాను.

మీ బావ మాత్రం ఆ శనివారం నుంచి నాతో మాట్లాడలేదు. బస్సుకు నా సంచి మోశాడు, మాట లేదు. ఆదివారం ఇంటికి వెళ్తే కోడికూర వండి పెట్టాడు, మాట లేదు. గుడి వాళ్ళ ముందు తనను నిలబెట్టానని అతని బాధ. నేను క్షమాపణ అడిగాను, ఉద్యోగానికి కాదు, అట్లా బయటపడినందుకు. దానికీ మాట లేదు. ఇక్కడ గదిలో ఒక్కదాన్నే అన్నం తింటుంటే, ఇంత దూరం వచ్చి కూడా ఆ రెండు గదుల్లోనే ఉన్నట్టు అనిపించేది.

నిన్న సాయంత్రం డ్యూటీ దిగి గదికి వచ్చి మొహం కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. మీ బావ పేరు. సమయం ఏడూ నలభై. అత్తమ్మకు ఏమైందోనని తడి చేతులతోనే ఎత్తాను.

"ఆ పచ్చచీరె ఆమె ఎవలు?" అన్నాడు.

నాకు ఒక్క క్షణం ఏమీ తెలియలేదు. "ఏ పచ్చచీరె?"

"గిప్పుడే కారు దిగింది. పెద్ద బొట్టు పెట్టుకున్నది. అమ్మ అడుగుతాంది, నాకు తెలుస్తలేదు. జల్ది చెప్పు, యాడ్స్ అయిపోతాన్నయి."

"వైదేహి చిన్నత్త అయి ఉంటది. దుబాయి నుంచి వస్తదని చెప్పిన్రు."

"మంచిదేనా?"

"ఇప్పటికైతే మంచిదే."

"చూస్తె మంచిదాని లెక్క కొడ్తలేదు" అని పెట్టేశాడు.

పందొమ్మిది రోజుల తర్వాత మీ బావ నాతో మాట్లాడిన మాటలు ఇవే, ఒక్కటి కూడా వదలకుండా రాశాను. ఇవాళ పని తొందరగా ముగించుకుని ఏడింటికే గదికి వచ్చాను. ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చుని నీకిది రాస్తున్నాను.

సుప్రియ